గోడ మీద నీటి తెర

ఇంటి ముంగిట ఒక గోడ మీద నుండి నీరు పలుచని తెరగా జారుతూ ఉంటే చూడాలన్న ముచ్చట ఈమధ్య మన ఇళ్లలో పెరిగింది. ఒక సోదరి మాకు రాసిన ఉత్తరంలో, తమ పెరటిలో సిమెంటుతో అటువంటి గోడ ఫౌంటెన్ ఒకటి తామే కట్టుకోదలచామనీ, అంగడిలో దొరికే తయారీ ఫౌంటెన్ల ధర తమకు అందడం లేదనీ తెలిపారు. ఎలా కట్టాలో చెప్పమన్నారు. చివర ఒక వాక్యం చేర్చారు: ‘ఇది దుబారా అవుతుందా?’ దుబారా సంగతికి తప్పక వస్తాము. కాని అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆ ఫౌంటెన్‌ను ఏ గోడకు కట్టదలచారు?

ఇలా అడగడానికి కారణం ఉన్నది. కొన్నేళ్ల క్రితం రెండు కుటుంబాల మధ్య తగవు తీర్చడానికి మమ్మల్ని పిలిచారు. రెండిళ్లకూ నడిమి గోడ ఒక్కటే, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. ఒక ఇంటివారు తమ వైపు ఆ గోడకే రాతిపలకలు అతికించి, అడుగున తొట్టి కట్టి, నీటిధార పెట్టుకొన్నారు. చూడముచ్చటగానే ఉండేది. రెండు వానాకాలాలు గడిచేసరికి అవతలి ఇంటిలో, ఉబ్బసంతో బాధపడే పెద్దావిడ పడుకొనే గదిలో, గోడ అడుగు భాగమంతా చెమ్మ పట్టింది. రంగు పొంగి పెచ్చులుగా ఊడింది. బూజు వాసన పట్టుకొన్నది. రంగు వేయించారు, ఆరు నెలలు తిరగకముందే మళ్లీ అదే తీరు. ఫౌంటెన్ గలవారు అది వానచెమ్మ అన్నారు. అవతలివారు ఫౌంటెన్ చెమ్మేనన్నారు. మాటకు మాట పెరిగి, పండుగనాటి సేమియా గిన్నె కూడ ఆ గోడ దాటడం మానింది.

తీర్పు చెప్పడానికి గ్రంథం తెరవవలసిన పని లేకపోయింది. చెమ్మ అంచు వెంబడి గోడ మీద పెన్సిలుతో గీత గీయించి, నడివేసవిలో నలభై రోజులు తొట్టిని ఎండబెట్టి ఉంచమన్నాము. వానలు లేవు, నీరు లేదు. చెమ్మ గీతకు జానెడు కిందికి దిగింది. మళ్లీ నీరు నింపిన రెండు వారాలకు గీతను అందుకొన్నది. ఇక వాదానికి చోటు లేకపోయింది. పలకలు పీకించారు, గోడ ఆరింది. ఆ రెండిళ్ల పెద్దలు ఈద్ నాడు ఆలింగనం చేసుకోవడానికి మాత్రం మరో ఏడాది పట్టింది.

ఈ సమస్య కొత్తది కాదు. ఉస్మానియా ప్రభుత్వం 1869–1876 మధ్య హనఫీ ధర్మశాస్త్రాన్ని క్రోడీకరించి ‘మజల్లా’ అనే న్యాయస్మృతిని వెలువరించింది. పొరుగువారికి కలిగే తీవ్రమైన నష్టం ఏదో ఉదాహరణలతో చెబుతూ, ఒకరు తవ్విన నీటికాలువ వలన పక్క ఇంటి గోడ బలహీనపడడాన్ని అందులో చేర్చారు. పొరుగువాడు తన గోడలో కొయ్య దించుకొంటానంటే అడ్డుకోవద్దన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధనను కొందరు ఇటువంటి చోట ముందుకు తెస్తారు. ఆ తగవులోనూ తెచ్చారు. కొయ్య మేకు వేసిన చోటనే ఉంటుంది. నీరు వేసిన చోట ఉండదు.

ఇటుక నీటిని పీలుస్తుంది. ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా తడి పైకీ పక్కకూ పాకుతుంది, దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు. సిమెంటు పూత వేశాము గదా అని చాలామంది ధీమాగా ఉంటారు. సిమెంటు గట్టిపడుతుంది గాని దానంతట అది నీటిని ఆపదు. కనుక మా మాట ఒక్కటే: ఫౌంటెన్‌కు దాని సొంత గోడ దానికి ఉండాలి. ప్రహరీకి గాని, ఇంటిగోడకు గాని, ఉమ్మడి గోడకు గాని అది ఆనరాదు. నడుమ కనీసం మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో గాలి ఆడుతుంది, పైపు నడుస్తుంది, చెత్త పడితే కట్టెతో లాగవచ్చు. ప్రహరీ పూర్తిగా తమదే అయినా ఈ నియమం పాటించడం మేలు.

ఇక సిమెంటు పనికి వద్దాము. ఫౌంటెన్ అందమంతా గరుకుతనంలో ఉన్నది. నున్నని గోడ మీద నీరు పోసి చూడండి. ఒక జానెడు దిగేలోపే అది తనలోకి తాను ముడుచుకొని రెండు మూడు తాళ్లుగా మారి జారిపోతుంది. మిగిలిన గోడంతా పొడిగానే ఉండిపోతుంది. గరుకు ఉన్న చోట నీరు అడుగడుగునా ఆగి, పక్కకు జరిగి, పరుచుకొంటుంది. ఈ సంగతిని మన పూర్వపు పనివారు బాగా ఎరుగుదురు. మొగలుల తోటలలో ఒక మెట్టు నుండి దిగువ మెట్టుకు నీరు దిగే చోట, చేప పొలుసుల వలెనో అలల వలెనో చెక్కిన ఏటవాలు రాతిపలకను అమర్చేవారు. దానిని ‘చాదర్’ అన్నారు. మన ఇళ్లలో కప్పుకొనే చాదరే; అక్కడ నీరు రాతిని కప్పుతుంది. కాశ్మీర్‌లో జహాంగీర్ కాలపు షాలిమార్ బాగ్‌లోనూ, లాహోర్‌లో షాజహాన్ 1641–42లో నిర్మింపజేసిన షాలిమార్ తోటలోనూ ఇటువంటివి ఉన్నవి. లాహోర్ తోటలో నీరు దూకే చోట గోడలో వరుసలుగా చిన్న గూళ్లు కట్టారు. పగలు వాటిలో పూలు, రాత్రి దీపాలు ఉంచితే నీటి తెర వెనుక నుండి కనిపించేవి.

అంతకు ముందటి అరబ్బు ప్రపంచంలో ఇదే పనితనం ‘సల్సబీల్’ అన్న పేరు పొందింది. ఖుర్ఆన్ 76వ సూరాలో స్వర్గపు సెలయేటికి ఉన్న పేరు అది. సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరంలో, 12వ శతాబ్దంలో నార్మన్ రాజుల కోసం కట్టిన జీసా భవనపు నడిమి గదిలో అటువంటి పలక నేటికీ ఉన్నది. అరబ్బుల నిర్మాణ సంప్రదాయం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మాకు మాత్రం అన్నిటికంటె కైరో సబీళ్లు ప్రియమైనవి. దారిన పోయేవారికి ఉచితంగా మంచినీరు ఇచ్చే ఆ భవనాలలో, నీరు గిన్నెలకు చేరేముందు చెక్కుడు చలువరాతి పలక మీదుగా జారి చల్లబడేది. చాలా సబీళ్లకు పైఅంతస్తులో పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే బడి ఉండేది. 1744 నాటి అబ్దుర్రహ్మాన్ కత్ఖుదా సబీలు ఇప్పటికీ కైరో పాతవీధిలో నిలిచి ఉన్నది. కింద నీరు, పైన చదువు: వృత్తిరీత్యా ఉపాధ్యాయులము గనుక ఈ అమరిక మాకు నచ్చడంలో వింత లేదనుకొంటాము.

రాయి చెక్కించే స్తోమత మనకు లేదు. సిమెంటు పచ్చిగా ఉన్న గంటసేపు మాత్రం అది మన చేతిలో మైనం వంటిది. మా మద్రసా ఆవరణలో చిన్న ఫౌంటెన్ కట్టినప్పుడు ముందుగా అడుగు పొడవు, అడుగు వెడల్పు గల నాలుగు సిమెంటు పలకలు పోసి, నాలుగు రకాల గరుకు చేయించాము. వాటిని వరుసగా నిలబెట్టి, పైనుండి ఒకే చెంబుతో నీరు పోసి విద్యార్థులను చూడమన్నాము. తాపీతో నున్నగా లాగిన మొదటి పలక మీద నీరు మూడు పాయలుగా చీలింది. చీపురుతో నిలువుగా గీసిన రెండవదాని మీద ప్రతి బొట్టూ తన గీతలోనే దిగింది. బుగ్గల మీద కన్నీటి చారికల వలె ఉన్నదని ఒక పిల్లవాడు అన్నాడు. తడిపిన గోనె పట్టాను అద్ది తీసిన మూడవ పలక మీద నీరు అంచు నుండి అంచుకు సమంగా పరుచుకొని, చప్పుడు లేకుండా, మెరుస్తూ దిగింది. అడ్డంగా అలలు గీసిన నాలుగవదాని మీద నీరు ప్రతి అల వద్దా చిన్నగా ఎగిరి తెల్లబడి గలగలలాడింది. పిల్లలందరి ఓటు నాలుగవదానికే పడింది. మేము పైసగానికి గోనె ముద్ర, కిందిసగానికి అలలు, చిట్టచివరి ఆరు అంగుళాలకు మళ్లీ గోనె ముద్ర అని నిర్ణయించాము. అలలు తొట్టి దాకా దిగితే చిందులు నేల మీద పడి పాచి పడుతుంది, కాలు జారుతుంది. నీటి గలగల ఎక్కువైన రోజున హిఫ్జ్ తరగతి ఉస్తాద్ గారు వచ్చి స్వయంగా కవాటం తిప్పి తగ్గిస్తారు. కనుక కవాటం పెట్టడం మరువవద్దు.

ఇంటిలో ఈ నాలుగు పలకల పరీక్ష తప్పక చేసుకోమని మా సలహా. ఒక తట్టెడు ఇసుక, నాలుగు గుప్పిళ్ల సిమెంటు కంటె ఖర్చు ఉండదు. గోడ మీద చేసిన పొరపాటును మాత్రం సుత్తితో తప్ప సరిదిద్దలేము.

కొలతలకు వద్దాము. నేల మీద కట్టేవారు మూడడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు గోడ అనుకోవచ్చు. దాని ముందు లోపలి కొలత మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగు లోతు ఉండే తొట్టి. అందులో తొమ్మిది అంగుళాల మేర నీరు నింపితే సుమారు 80 లీటర్లు పడుతుంది. గోడను తొమ్మిది అంగుళాల మందంతోనే కట్టండి. నాలుగున్నర అంగుళాల గోడ చాలునని మేస్త్రీ అనవచ్చు. ఒంటిగా నిలబడిన అటువంటి గోడను పిల్లలు పట్టుకొని ఎక్కితే ఏమవుతుందో ఆయనకూ తెలుసు. అడుగున ఆరు అంగుళాల కాంక్రీటు బెడ్డు వేయాలి. నీరు జారే నాలుగడుగులలో ఇటుక వరుసలు పదహారు వస్తాయి. ప్రతి వరుసనూ కింది వరుస కంటె అంగుళంలో ఎనిమిదో వంతు వెనక్కు జరిపితే, పైకి చేరేసరికి గోడ రెండంగుళాలు వెనక్కు వాలుతుంది. ఈ కొద్ది వాలు లేకపోతే నీరు గోడను విడిచి గాలిలోకి దూకుతుంది.

ఇటువంటి గోడ ఒక్కటే దాదాపు ఆరు వందల కిలోల బరువు ఉంటుంది. కనుక బాల్కనీల మీద, మేడల మీద దీనిని కట్టరాదు. అక్కడ ముచ్చట తీరాలంటే ఇనుప చట్రానికి కోళ్లగూళ్లకు వాడే సన్నని తీగ జాలీ రెండు పొరలు కట్టి, దాని మీద అంగుళం మందాన సిమెంటు మెత్తి పలకగా చేసుకోవచ్చు. నాలుగడుగులు, రెండున్నర అడుగుల పలక యాభై కిలోలకు కొంచెం పైగా తూగుతుంది. దానికి చిన్న తొట్టి చాలు. అద్దె ఇంటిలో ఉన్నవారికీ ఇదే అనువైనది. ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు.

పూత రెండు విడతలుగా వేయాలి. ఇటుకను ముందు బాగా తడపండి. మొదటి పూత ఒకటికి నాలుగు పాళ్ల ఇసుకతో అరంగుళం మందం. అది పచ్చిగా ఉండగానే తాపీ మొనతో అడ్డదిడ్డంగా గీయాలి. ఆ గీతలే రెండవ పూతకు పట్టు. మరునాడు ఒకటికి మూడు పాళ్ల ఇసుకతో రెండవ పూత వేయండి. ఇసుక జల్లించినదై, మన్ను లేనిదై ఉండాలి. నీటిని ఆపే ద్రవాన్ని డబ్బా మీద రాసిన పాళ్లలో కలపండి. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలు జరగదు. రంగు కావాలంటే పాతకాలపు గచ్చులకు వాడిన రెడ్ ఆక్సైడ్ పొడి ఎంతో నిండుగా ఉంటుంది. సిమెంటు బరువులో పదోవంతుకు మించనీయక, పొడిగా ఉండగానే కలపాలి.

రెండవ పూత వేశాక ఓపిక పట్టాలి. బొటనవ్రేలితో నొక్కి చూడండి: గుంట పడుతూ, వ్రేలికి సిమెంటు అంటకుండా ఉన్న సమయమే ముద్ర వేయవలసిన సమయం. ఎండను బట్టి గంట నుండి రెండు గంటలు పడుతుంది. తడిపి పిండిన గోనె పట్టాను ముడతలు లేకుండా పరచి, చెక్కపలకతో మెల్లగా అద్ది, పై అంచు నుండి నిదానంగా ఒలవండి. అలలకు పాత ప్లాస్టిక్ బకెట్టు ముక్కను అర్ధచంద్రాకారంగా కోసుకొంటే చాలు. పిల్లలు కూడ చేయి వేస్తామంటారు. వేయనివ్వండి, కాని రబ్బరు తొడుగులు తప్పనిసరి. పచ్చి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. ఆ మంట మరునాడు గాని తెలియదు.

ఆకృతుల గురించి ఒక మాట. అంగడి అచ్చులలో సింహముఖాలు, హంసలు మెండు. ప్రాణుల బొమ్మలు ఇంట్లో ఉంచని కుటుంబాలకు అవి పనికిరావు. అల్‌హమ్రాలో పన్నెండు సింహాలు నీరు చిమ్మడం లేదా అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. చిమ్ముతున్నవి; రాజులు చేసినదల్లా మనకు ప్రమాణం కాదని చెప్పి, ఎనిమిది కోణాల నక్షత్రం ఎలా గీయాలో చూపాము. ఆకులు, తీగలు, నక్షత్రాలు నీటి కింద మరింత అందంగా ఉంటాయి. అయితే లోతుగా చెక్కవద్దు. లోతున్న చోట మురికి నిలుస్తుంది.

తొట్టి లోపలి మూలలను పదునుగా వదలక, సిమెంటుతో గుండ్రంగా చేయాలి. పగులు ముందుగా మూలలోనే పుడుతుంది. లోపల సిమెంటు ఆధారిత జలనిరోధక పూత రెండుసార్లు వేయాలి, మొదటిది అడ్డంగా, ఆరిన తరువాత రెండవది నిలువుగా. నిండా నీరు నింపి మట్టం వద్ద గీత పెట్టండి. పక్కనే ఒక బకెట్టులో నీరు పోసి దానికీ గీత పెట్టండి. రెండు రోజుల తరువాత రెండూ సమానంగా తగ్గి ఉంటే అది ఆవిరి. తొట్టి ఎక్కువ తగ్గితే అది కారుతున్నది. మేస్త్రీకి మిగిలిన కూలి ఈ పరీక్ష తరువాత ఇవ్వడానికి ముందే మాట్లాడుకోండి. ఆయన చెమట ఆరకముందే కూలి ఇవ్వవలసినవారము గదా అంటే, పని ముగిసేది నీరు నిలిచాకనేనని ఒప్పందంలోనే ఉండాలి. పని అయ్యాక కొత్త షరతు పెట్టడం న్యాయం కాదు.

గోడ తలపై అడ్డంగా ఒక చిన్న కాలువ విడవాలి. అందులో ముప్పావు అంగుళం పైపు పరచి, అంగుళానికొకటి చొప్పున సన్నని రంధ్రాలు పైవైపుకు చేయాలి. నీరు కాలువలో నిండి, ముందు అంచు పొంగి దిగుతుంది. ఆ అంచు మట్టంగా ఉండడమే ఈ పని మొత్తంలో కష్టమైన భాగం. ఒక చివర బియ్యపుగింజంత దిగినా నీరంతా అటే పోతుంది. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో రెండు చివరలా మట్టం చూడనిదే అంచు ముగించనీయకండి. పైపును గోడలో పూడ్చవద్దు. వెనుకనున్న మూడంగుళాల ఖాళీలో పైకి తీసుకుపోతే రేపు మార్చుకోవడం సులభం.

మోటారు విషయంలో పెట్టె మీద రాసిన ఎత్తును చూసి మోసపోవద్దు. అది ఆ మోటారు నీటిని నెట్టగల చిట్టచివరి ఎత్తు. అక్కడ ధార ఉండదు. అయిదడుగులకు ఎత్తాలంటే పది అడుగులని రాసి ఉన్నది తీసుకోండి. 40 వాట్ల మోటారును రోజుకు మూడు గంటలు నడిపితే నెలకు నాలుగు యూనిట్ల లోపే కాలుతుంది. నీటిలో మునిగి ఉండే మోటారు గనుక విద్యుత్తు భద్రతలో పిసినారితనం పనికిరాదు: ఎర్తింగు గల మూడు పిన్నుల సాకెట్టు, దాని వెనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. సాకెట్టు తొట్టికి దూరంగా, ఎత్తులో ఉండాలి. తీగ సాకెట్టుకు చేరేముందు కిందికి ఒక వంపు తిరగాలి. తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు వద్దే రాలిపోతుంది. ప్లగ్గు తీయకుండా తొట్టిలో చేయి పెట్టరాదని ఇంటిల్లిపాదికీ చెప్పండి.

కొత్త సిమెంటు నుండి సున్నం నీటిలోకి దిగుతుంది. అందుచేత మొదట్లో నీటిని మూడు నాలుగు మార్లు నింపి వదలాలి. అప్పటిదాకా చేపలు వేయవద్దు, చనిపోతాయి. బోరునీటిలో లవణాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో కొన్ని వారాలకే గోడ మీద తెల్లని పొర కడుతుంది. వాననీరు పట్టి వాడుకోవచ్చు. ఏసీ నుండి కారే నీరూ పనికివస్తుంది, అందులో లవణాలు ఉండవు. ఫిల్టరు యంత్రం బయటికి వదిలే నీటిని మాత్రం ఇందులో పోయకండి. అందులో ఉప్పు మరీ ఎక్కువ.

దోమల సంగతి అంతకంటె ముఖ్యం. నడిచే నీటిలో దోమ గుడ్లు పెట్టదని నమ్మి నిశ్చింతగా ఉండేవారున్నారు. మోటారు ఆపిన ఇరవై ఒక్క గంటలూ అది నిలువ నీరే. డెంగీని మోసే దోమ గుడ్డు నుండి రెక్కలు రావడానికి సుమారు వారం పది రోజులు చాలు. గుడ్లు తొట్టి గోడకు అంటుకొని, నీరు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. వారానికొకసారి నీరు మొత్తం తీసివేసి, తొట్టి గోడలను పీచుతో రుద్దాలి. మా వద్ద అది గురువారం అసర్ తరువాత జరుగుతుంది. సున్నం తగ్గాక తీసిన నీరంతా జామచెట్టుకు పోతుంది.

ఇప్పుడు ఆ సోదరి అడిగిన దుబారా ప్రశ్న. ఉన్న 80 లీటర్లే తిరుగుతూ ఉంటాయి. నడివేసవిలో రోజంతా నడిపితే ఒక బకెట్టు దాకా ఆవిరి కావచ్చు. సాయంత్రం మూడు గంటలకైతే అంత పోదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ముద్ నీటితో, అంటే లీటరుకు అటూ ఇటూగా ఉండే నీటితో, వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. మన ఇంటిలో కుళాయి తిప్పి వుజూ ముగించేలోపు ఎంత పోతున్నదో కింద బకెట్టు పెట్టి ఒక్కసారి కొలిచి చూడమని మా మనవి. తిరిగే నీరు గల ఫౌంటెన్‌ను మేము దుబారా అనము. కాని వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుస కట్టే వీధిలో దానిని నడపడం మాకు సమ్మతం కాదు. అక్కడ లీటర్ల లెక్క సరిపోవచ్చు; ఖాళీ బిందెతో నిలబడ్డ స్త్రీకి ఆ గలగల ఎలా వినిపిస్తుందన్నది వేరే లెక్క. ఆ రెండు నెలలు తొట్టిని ఆరబెట్టి, పిచ్చుకలకు ఒక మూకుడు నీరు పెడితే సరిపోతుంది.

చల్లదనం వస్తుందని ఆశపడి కట్టేవారికి ఒక హెచ్చరిక: పొడిగాలి వీచే రాయలసీమ, తెలంగాణ ఊళ్లలో దగ్గర కూర్చున్నవారికి కొంత చలువ తెలుస్తుంది. ఉక్కపోసే కోస్తాలో కంటికే చలువ.

ఈ నీటితో వుజూ చేయవచ్చునా అని కూడ అడుగుతుంటారు. వారమంతా తిరిగిన నీరు, మందులు కలిసిన నీరు కంటికి మాత్రమే అనుకోండి. ఫౌంటెన్ పక్కన వుజూ కుళాయి పెట్టుకొంటే, వుజూ చేసిన నీరు ఈ తొట్టిలోకి రాకుండా దానికి వేరే తూము ఉంచండి.

పని మొదలుపెట్టేముందు పక్కింటివారిని పిలిచి చోటు చూపించండి. గోడ ఎంత ఎడంగా ఉంటుందో, చప్పుడు ఏ వేళ ఉంటుందో చెప్పండి. నవంబరు నుండి జనవరి వరకు ఈ పనికి అనువైన కాలం; ఏప్రిల్ ఎండలో పూత చూస్తుండగానే ఆరి నెర్రెలు విచ్చుతుంది. గరుకు వేసిన మరునాటి నుండి పద్నాలుగు రోజులు గోడకు గోనె పట్టాలు కప్పి, రోజుకు మూడు పూటలా తడపాలి. ఆ తడిపే పని ఎవరిదో ఇంట్లో ముందే తేల్చుకోండి. ఫజ్ర్ తరువాత మొదటి పూట తడిపే పనికి మా వద్ద పెద్ద తరగతి పిల్లల పేర్లు వంతులవారీగా గోడకు అతికించవలసి వచ్చింది.